ఫ్లోరైడ్ బోరు ఉన్న ఇంట్లో స్లాబు మీద పడ్డ వాననీళ్ళు ఏడాదంతా తాగొచ్చా?

మీరు అడిగింది ఇదీ: కనిగిరి దగ్గర కొత్తిల్లు కడుతున్నారు, స్లాబు 1200 చదరపు అడుగులు, బోరు నీళ్ళు టెస్టుకిస్తే ఫ్లోరైడ్ 3 వచ్చింది, ఇంట్లో అత్తమామలు, మీరిద్దరు, మూడేళ్ళ పాప, మొత్తం ఐదుగురు. వాననీళ్ళు సంపులో పట్టుకుంటే ఏడాదంతా తాగొచ్చా, పురుగులు పడవా, సంపు ఎంత పెద్దది కట్టాలి, మేస్త్రీ ఏమో ఇంకుడు గుంత తవ్విస్తే చాలంటున్నాడు, ఏది నిజం అని.

తాగొచ్చండి, ఏడాదంతా తాగొచ్చు. ఈ పని నేను ఇరవై ఏళ్ళ పైనుంచి చేస్తున్నా, కనిగిరి, పామూరు, పొదిలి వైపు ఇళ్ళలో ఈ సంపులు కట్టించి ఆ నీళ్ళే తాగుతున్న కుటుంబాలు నాకు తెలుసు. ఒక్క సంగతి మాత్రం ముందే చెప్తా, ఎక్కువ మంది డబ్బంతా ఫిల్టర్ మీద పెడతారు, స్లాబుని పట్టించుకోరు. నీళ్ళు పాడయ్యేది స్లాబు మీద, పైపులో, సంపు మూత దగ్గర. అక్కడ శుభ్రంగా ఉంచుకుంటే ఫిల్టర్‌కి పెద్ద పనే ఉండదు, అక్కడ వదిలేస్తే ఎంత ఖరీదైన ఫిల్టర్ పెట్టినా నమ్మకం లేదు.

ముందు మేస్త్రీ మాట. ఇంకుడు గుంత మంచిదే, తవ్వించండి, మన దగ్గర 2002 వాల్టా చట్టంలో (నీరు, భూమి, చెట్ల కోసం చేసిన చట్టం) కూడా వాననీళ్ళు ఇంకించే ఏర్పాటు గురించి ఉంది. కానీ దాంతో మీ తాగునీటి సమస్య తీరదు. బోరులో ఫ్లోరైడ్ వచ్చేది కింద రాయిలోంచి, గ్రానైట్ రాళ్ళల్లో ఉండే ఖనిజాలు నీళ్ళల్లో కరిగి వస్తది, మీరు పైనుంచి ఇంకించిన నీళ్ళు కూడా ఆ రాళ్ళ సందుల్లో ఏళ్ళ తరబడి ఉంటే అదే ఫ్లోరైడ్ పట్టుకుంటాయి. నీటిమట్టం కోసం గుంత, తాగడానికి సంపు, రెండూ వేరు వేరు పనులు. సంపు నిండాక పొర్లే నీళ్ళు గుంతలోకి వదలండి, అప్పుడు రెండూ అవుతాయి.

3 అంటే ఎంత ఎక్కువో తెలియడానికి, తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా. మీది దానికి రెట్టింపు. మన దేశంలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ వల్ల పళ్ళకి, ఎముకలకి వచ్చే జబ్బు గురించి డాక్టర్లు మొదట రాసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ళ గురించే, పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లాలోవే, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు కలిసాయి. అంటే ఇది మన ఇళ్ళల్లో తాతల నాటి బాధ. మీ పాపకి మూడేళ్ళన్నారు, శాశ్వతంగా వచ్చే పళ్ళు లోపల తయారయ్యేది ఈ వయసులోనే, సుమారు ఎనిమిదేళ్ళ దాకా, పళ్ళ మీద గార పడేదీ లేనిదీ ఇప్పుడు తాగే నీళ్ళని బట్టే. అందుకే ఇల్లు పూర్తయ్యాక చూద్దాంలే అనుకోకండి. మీ అత్తగారి మోకాళ్ళ నొప్పులు, నడుం పట్టెయ్యడం గురించి కూడా రాసారు, అది ఫ్లోరైడ్ వల్లనా కాదా డాక్టరే చెప్పాలి, ఒకవేళ అదే అయితే ఇప్పటికే ఎముకలో చేరింది నీళ్ళు మార్చగానే పోదు, ఇంకా ముదరకుండా ఆగుద్ది, అది కూడా పెద్ద సంగతే.

ఇంకోటి, కాచి తాగితే ఫ్లోరైడ్ పోద్ది అని చాలామంది అనుకుంటారు, పోదు, నీళ్ళు ఆవిరై తగ్గుతాయి కాబట్టి కాస్త పెరుగుద్ది కూడా. బ్లీచింగ్ వేసినా పోదు. క్యాండిల్ ఫిల్టర్‌తో పోదు. ఆర్వోతో పోద్ది, కానీ లోపల వడగట్టే పొర, మెంబ్రేన్ అంటారు, అది పాతబడితే మళ్ళీ వచ్చేస్తది, రుచిలో తెలియదు. పటిక, సున్నం వేసి తేర్చే నల్గొండ పద్ధతి ఉంది, మన నల్గొండ పేరుతోనే నీరీ అనే కేంద్ర పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు తయారు చేసింది, పనిచేస్తది గానీ కొలత ప్రకారం రోజూ చెయ్యాలి, ఇంట్లో ఎవరికి కుదురుద్ది చెప్పండి. వాననీళ్ళల్లో అయితే ఫ్లోరైడ్ దాదాపు ఉండదు, తీసేసే పనే లేదు.

ఇక లెక్క. ఒక చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా 1 లీటరు. మీ 1200 చదరపు అడుగులు అంటే సుమారు 111 చదరపు మీటర్లు. కొంత స్లాబు తాగుద్ది, కొంత ఎండకి పోద్ది, కొంత చిమ్ముద్ది, అందుకని వందకి ఎనభై చేతికొస్తాయి అనుకోండి, అంటే మిల్లీమీటరుకి ఒక 90 లీటర్లు. ఒక మంచి వాన, అంగుళం, అంటే 25 మిల్లీమీటర్లు పడితే 2200 లీటర్లు. మన వైపు తక్కువ వాన పడ్డ ఏడాది 500 మిల్లీమీటర్లే వేసుకున్నా 45 వేల లీటర్లు పట్టుకోకపోతే మీ స్లాబు మీద పడి కాలవలోకి పోతాయన్నమాట.

మీకు కావల్సింది అంత లేదు. తాగడానికి, వంటకి మనిషికి రోజుకి 5 లీటర్లు వేసుకోండి, ఎండలు కాబట్టి కాస్త కలిపి ఇంటికి 30 లీటర్లు. మనకి రెండు వానాకాలాలు, జూన్ నుంచి వచ్చేది ఒకటి, అక్టోబరు నవంబరుల్లో వచ్చేది ఒకటి, కనిగిరి వైపు మొదటిది చాలాసార్లు మొహం చాటేస్తది. కాబట్టి డిసెంబరు మధ్యలో సంపు నిండుగా ఉంటే ఆగస్టు మధ్య దాకా నడవాలి అని పెట్టుకోండి, అది 240 రోజులు, రోజుకి 30 చొప్పున 7200 లీటర్లు. అడుగున తియ్యకుండా వదిలేసేది, చుట్టాలొస్తే అయ్యేది కలిపి 10 వేల లీటర్ల సంపు కట్టించండి. లోపల 8 అడుగులు పొడుగు, 8 వెడల్పు, నీళ్ళు నిలిచే లోతు ఐదున్నర అడుగులు, పైన ఒక అడుగు ఖాళీ. ఇంతకంటే పెద్దది వద్దండి, కొంతమంది 40 వేలు, 50 వేలు కట్టి తాగడానికీ స్నానానికీ బట్టలకీ అన్నిటికీ అదే వాడి మార్చికల్లా ఖాళీ చేసుకుని ఏప్రిల్ నుంచి మళ్ళీ టిన్నులు కొంటున్నారు. స్నానం, బట్టలు, గిన్నెలు బోరు నీళ్ళతోనే కానివ్వండి, ఫ్లోరైడ్ చర్మంలోంచి లోపలికి పోయేది లెక్కలోది కాదు, నోట్లోకి పోయేదే లెక్క.

వంట అన్నది మర్చిపోవద్దు. తాగేది మంచి నీళ్ళు తాగి అన్నం, పప్పు, సాంబారు, టీ బోరు నీళ్ళతో చేసేవాళ్ళే ఎక్కువ. అన్నంలో, పప్పులో పోసిన నీళ్ళు అందులోనే ఇంకిపోతాయి, ఆ ఫ్లోరైడ్ మొత్తం కంచంలోకొస్తది. పైగా వాననీళ్ళల్లో పప్పు తొందరగా మెత్తగా ఉడుకుద్ది, మీ అత్తగారికి ఈ సంగతి తెలిసే ఉంటది, వెనకటికి నాలుగు కర్రలకి తెల్ల పంచె కట్టి మధ్యలో రాయి వేసి కింద బిందె పెట్టి పట్టుకునేవాళ్ళు, పప్పు కోసమని.

ఒక ఏడాది వానలు బొత్తిగా తగ్గాయనుకోండి, అప్పుడు కలుపుకోవచ్చు. మీ బోరు 3 కాబట్టి ఒక బిందె బోరు నీళ్ళకి రెండు బిందెలు వాననీళ్ళు కలిపితే 1కి వచ్చేస్తది. పాపకి మాత్రం కలపని వాననీళ్ళే ఇవ్వండి.

ఇప్పుడు స్లాబు, ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి.

ఇల్లు కడుతున్నారు కాబట్టి మీకు మంచి అవకాశం, స్లాబు పైన వాలు ఒకే మూలకి, లేదా రెండు మూలలకి వచ్చేట్టు ఇప్పుడే చెయ్యించండి, మామూలుగా మేస్త్రీలు నాలుగు మూలలకీ నాలుగు పైపులు పెట్టేస్తారు, తర్వాత అవి కలపాలంటే ఇంటి చుట్టూ పైపు తిప్పాలి. 4 అంగుళాల పైపులు రెండు చాలు. స్లాబు మీద తారు పూతలు, తారు షీట్లు వెయ్యొద్దు, లీకేజీ కోసం వేసే రంగు పూతల్లో నాచు పట్టకుండా మందులు కలిపినవి ఉంటాయి, తాగే నీళ్ళు పట్టే స్లాబుకి అవి వద్దు, డబ్బా మీద తాగునీటికి పనికొస్తది అని రాసి ఉంటేనే వేయండి. నన్నడిగితే సిమెంటు గచ్చు నున్నగా చేయించి పైన తెల్ల సున్నం కొట్టించడం అన్నిటికంటే మేలు, ఇల్లు చల్లగా కూడా ఉంటది. సిమెంటు రేకుల మీద నీళ్ళు తాగడానికి పట్టొద్దు, పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటది, అవి మొక్కలకి, కడుగుళ్ళకి వాడుకోండి. ఇనప రేకులు తుప్పు లేకపోతే పర్లేదు, బంగళా పెంకులు నాచు గీకి కడిగితే పర్లేదు, తాటాకు మీద నీళ్ళు ఎర్రగా వస్తాయి, వద్దు.

స్లాబు మీద పెట్టే ఓవర్‌హెడ్ ట్యాంకు సంగతి దాదాపు ఎవరూ ఆలోచించరు. అది బోరు నీళ్ళ ట్యాంకు. అది పొర్లితే ఆ నీళ్ళు స్లాబు మీద పడి అదే పైపులోంచి మీ సంపులోకి దిగుతాయి, రోజూ మోటారు ఆపడం మర్చిపోయే ఇల్లయితే ఏడాది తిరిగేసరికి సంపులో సగం ఫ్లోరైడ్ నీళ్ళే. ఓవర్‌ఫ్లో పైపు, ట్యాంకు కడిగే పైపు రెండూ విడిగా కిందకి దించండి. సోలార్ హీటర్ నీళ్ళు, ఏసీ నీళ్ళు, పైన వాషింగ్ మెషిన్ పెడితే దాని నీళ్ళు అన్నీ అంతే.

పావురాలకి గింజలు వేసే అలవాటుంటే వేరే చోట వేయండి. కొబ్బరి, వేప కొమ్మలు స్లాబు మీదకి వాలితే కొట్టించండి, ఆకులకంటే వాటి మీద వాలే కాకుల రెట్టలు ఎక్కువ ఇబ్బంది. మిరపకాయలు ఆరబోసే ఇల్లయితే, మన దగ్గర మిర్చికి ఎన్ని మందులు కొడతారో మీకు తెలుసు, టార్పాలిన్ వేసి ఆరబోసి తీసాక ఆ చోటు కడిగెయ్యాలి. కుక్కని రాత్రిళ్ళు మేడ మీదకి వదలొద్దు. దీపావళి సరిగ్గా మంచి వానలప్పుడే వస్తది, టపాకాయల బూడిదలో బేరియం లాంటి లోహాలు ఉంటాయి, ఆ రోజు సంపులోకి పోయే వాల్వు కట్టేసి, కింద నేల మీదే కాల్చుకుని, తెల్లారి స్లాబు ఊడ్చి, తర్వాత వచ్చిన మొదటి వానని బయటికి పంపించాక మళ్ళీ తెరవండి. ఈ మాట ఎవరూ చెప్పరు గానీ చాలా ముఖ్యం.

తర్వాత మొదటి వాన వదిలెయ్యడం. ఎన్ని రోజులు ఊడ్చినా దుమ్ము, రెట్టలు ఉంటాయి, వాన మొదలైన మొదటి 2 మిల్లీమీటర్లలో అదంతా కొట్టుకొస్తది, మీ స్లాబుకి అది 200 లీటర్ల పైచిలుకు. దానికి 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి పెట్టండి, స్లాబు నుంచి దిగే పైపుకి టీ జాయింటు (మూడు మూతులున్నది) వేసి, కింద కొస డ్రమ్ములోకి, పక్క కొస ఫిల్టర్‌కి. వాన మొదలవగానే మురికి నీళ్ళు డ్రమ్ములోకి పోతాయి, డ్రమ్ము నిండగానే లోపలున్న ప్లాస్టిక్ బంతి తేలి మూతిని మూసేస్తది, ఆ తర్వాత వచ్చే మంచి నీళ్ళు పక్కకి తిరిగి ఫిల్టర్‌కి పోతాయి. డ్రమ్ము అడుగున చిన్న కుళాయి పెట్టి సన్నగా కారేట్టు వదలండి, మర్నాటికి ఖాళీ అయిపోద్ది, ఆ నీళ్ళు మొక్కలకి. రోజూ వాన పడే వారంలో ఇంత అక్కర్లేదు గానీ కుళాయి దాని పని అది చేసుకుపోద్ది, మీరేం చూసుకోనక్కర్లేదు. బంతి దొరక్కపోతే రెండు వాల్వులు పెట్టి చేత్తో తిప్పుకోవచ్చు, అవి మాత్రం నేల మీద అందేట్టు పెట్టండి, ఉరుములు మెరుపుల్లో మేడెక్కి వాల్వు తిప్పే పని పెట్టుకోవద్దు. డ్రమ్ము కొనేటప్పుడు అంతకుముందు అందులో పురుగుమందు, యాసిడ్ పోసింది కాదని చూసుకోండి, మురికి నీళ్ళకే కదా అనుకోవద్దు.

ఫిల్టర్ తొట్టి రెండున్నర అడుగులు పొడుగు వెడల్పు, మూడడుగులు లోతు సరిపోద్ది. అడుగున 40 ఎం.ఎం. కంకర ముప్పావు అడుగు, దాని మీద 20 ఎం.ఎం. అర అడుగు, దాని మీద బేబీ చిప్స్, అంటే సన్న కంకర, అర అడుగు, పైన ముతక ఇసుక ఇంకో ముప్పావు అడుగు, ఇసుకకీ చిప్స్‌కీ మధ్య నైలాన్ జాలీ. ఇసుక, కంకర కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి, పనివాళ్ళు రెండుసార్లు నీళ్ళు చల్లి చాలంటారు, ఒప్పుకోవద్దు. బొగ్గు పొర వెయ్యమని చాలామంది చెప్తారు, వేస్తే వాసన, రంగు కాస్త లాగుద్ది కానీ ఏడాదికోసారి మార్చకపోతే అదే పాడైపోద్ది, మీ స్లాబు శుభ్రంగా ఉంటే అక్కర్లేదని నా అభిప్రాయం. పెద్ద వానలో ఈ తొట్టి అన్ని నీళ్ళు దించలేదు, అందుకని తొట్టి పైన ఒక పొర్లు పైపు పెట్టి అది ఇంకుడు గుంతకి ఇవ్వండి. ఇసుక మట్టిని ఆపుద్ది, చెత్తని ఆపుద్ది, రోగం తెచ్చే సూక్ష్మజీవుల్ని మొత్తం ఆపుద్దనుకోకండి.

సంపు. సెప్టిక్ ట్యాంకుకి ఎంత దూరంగా కుదిరితే అంత, కనీసం 30 అడుగులు ఉండేట్టు చూడండి, ప్లానులో రెండూ ఒకే వైపు వచ్చుంటే ఇప్పుడే మార్పించండి. ఆర్‌సీసీ గోడలయితే మంచిది, ఇటుకలతో కడితే లోపల రెండు పూతలు నున్నగా. బయటి నీళ్ళు లోపలికి ఊరకూడదు, అది లోపలి నీళ్ళు బయటికి పోవడం కంటే పెద్ద ప్రమాదం. మూత చుట్టూ అడుగు ఎత్తు గట్టు, వాకిలి కడిగిన నీళ్ళు, వరద నీళ్ళు పోకుండా, గట్టి మూత, దానికి తాళం, పాప ఉన్న ఇల్లు కాబట్టి తాళం గురించి రెండోసారి చెప్తున్నా. లోపలికి వెలుతురు చుక్క కూడా పడకూడదు, వెలుతురు లేకపోతే పాచి పట్టదు. లోపలికి వచ్చే పైపుని సంపు అడుగుభాగం దాకా దించి చివర పైకి తిరిగేట్టు బెండు వేస్తే నీళ్ళు పై నుంచి దబదబా పడి అడుగున మడ్డి లేవదు. నీళ్ళు తోడే పైపు మాత్రం సంపు అడుగుభాగం నుంచి అర అడుగు పైన ఉండాలి. మోటారు కంటే చిన్న చేతి పంపు పెట్టుకోమంటాను నేను, రోజుకి రెండు బిందెలకి మోటారెందుకు, కరెంటు లేకపోయినా నీళ్ళొస్తాయి, పిల్లలు మూత తీసే పనుండదు, అన్నిటికంటే ముఖ్యం కొట్టుకుంటే గానీ రావు కాబట్టి ఎవరూ కాళ్ళు కడుక్కోడానికి వాడరు. ఒకవేళ మోటారే పెడితే ఈ లైను బోరు లైనుతో గానీ పంచాయతీ కుళాయి లైనుతో గానీ ఎక్కడా కలపొద్దు, మధ్యలో వాల్వు ఉంది కదా అని కూడా కలపొద్దు, వంటింట్లో దీనికి విడిగా ఒక కుళాయి.

పురుగుల గురించి అడిగారు. సంపులో పురుగులు వాటంతట అవి పుట్టవండి, అవి దోమ పిల్లలు, దోమ లోపలికెళ్ళి గుడ్లు పెడితేనే వస్తాయి, గుడ్డు నుంచి దోమ అవ్వడానికి వారం పది రోజులు. డెంగీ తెచ్చే దోమ మురికి కాలవ కంటే ఇలాంటి శుభ్రమైన నిల్వ నీళ్ళనే వెతుక్కుంటది, కాబట్టి ఇది తేలిగ్గా తీసుకోవద్దు. గాలి పైపు ఒకటి, పొర్లు పైపు ఒకటి, రెండిటి మూతులకీ సన్న దోమ జాలీ బిగించి క్లిప్పు వేయండి, మూత అంచుకి రబ్బరు. మొదటి వాన డ్రమ్ముకీ మూత ఉండాలి. అంతే, సందు లేకపోతే పురుగు లేదు. గాలి పైపు పెట్టకపోతే నీళ్ళు ముక్కిన వాసన వస్తాయి, వాసన వస్తే ఎక్కువసార్లు కారణం అదీ, లేదంటే అడుగున కుళ్ళే ఆకులు.

కొత్త సంపులో మొదటి నీళ్ళు తాగకండి. కొత్త సిమెంటు నుంచి సున్నం దిగి నీళ్ళు చప్పగా సోడా రుచి వస్తాయి. మొదట పట్టిన నీళ్ళు కొన్ని రోజులుంచి మొక్కలకి, కడుగుళ్ళకి వాడేసి, గోడలు రుద్ది, మళ్ళీ పట్టి మళ్ళీ అలాగే చేసి, ఆ తర్వాత పట్టినవి తాగడానికి. మీరు మార్చిలోపు సంపు పూర్తి చేస్తే జూన్ జూలై వానలు ఈ కడుగుళ్ళకి సరిపోతాయి, చిత్త, స్వాతి కార్తెల్లో పడేవి నిల్వకి పట్టుకోవచ్చు. ఎప్పటికైనా ఏడాది నిల్వకి ఆ కార్తెల నీళ్ళే మేలు, అప్పటికి స్లాబు నాలుగు వానలకి కడిగి ఉంటది, గాల్లో దుమ్ము ఉండదు, తుఫాను పట్టిందంటే రెండు రోజుల్లో సంపు నిండుద్ది. మే నెలలో గాలిదుమారంతో వచ్చే జల్లులు మొత్తం బయటికే వదిలెయ్యండి.

తాగే ముందు ఏం చెయ్యాలి. వానలు అయిపోయాక నిండిన సంపుకి ఒకసారి బ్లీచింగ్ వెయ్యండి, వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు, మీ 10 వేల లీటర్లకి 25 గ్రాములు, చిన్న తూకం మీద తూచండి, చెంచా లెక్క వద్దు. ప్లాస్టిక్ బకెట్లో కొంచెం నీళ్ళతో ముద్దలా కలిపి, బకెట్ నింపి, సున్నం అడుక్కి దిగాక పైన తేట మాత్రమే సంపులో పోసి ఆ రాత్రంతా వదిలెయ్యండి. పాకెట్ కొత్తదై ఉండాలి, తెరిచి నెలల తరబడి పడున్న బ్లీచింగ్‌లో సత్తువ ఉండదు. యాసిడ్, బాత్రూం క్లీనర్ ఉన్న బకెట్ దీనికి వాడొద్దు, విషవాయువు వస్తది. నెల తిరిగేసరికి ఈ మందు ప్రభావం పోద్ది, కాబట్టి రోజూ తాగే నీళ్ళు కాచుకోవడమే నేను అందరికీ చెప్పేది, తెర్ల కాగడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు, కాచిన గిన్నెలోనే మూతపెట్టి చల్లార్చి, కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ములో పోసుకోండి, చెంబు ముంచితే కాచిన ఫలితం పోయినట్టే. గ్యాసు ఖర్చు అనిపిస్తే యూవీ ఫిల్టర్, అంటే అతినీలలోహిత దీపంతో సూక్ష్మజీవుల్ని చంపేది, పెట్టుకోవచ్చు, మీ నీళ్ళు తేటగా ఉంటాయి కాబట్టి బాగా పనిచేస్తది. ఆర్వో మాత్రం వద్దు, వాననీళ్ళల్లో తీసెయ్యడానికి ఏ ఉప్పూ లేదు, కష్టపడి పట్టిన నీళ్ళల్లో సగం కాలవలోకి వదులుద్ది. ఖనిజాలు ఉండవు కదా అని భయపెట్టేవాళ్ళు ఉంటారు, మనకి కాల్షియం వచ్చేది పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరల్లోంచి, పాపకి అవి పెట్టండి. వాననీళ్ళు తాగితే జలుబు చేస్తది అనేది కూడా నమ్మొద్దు.

టెస్టు ఏడాదికి రెండుసార్లు, వానలు అయిపోయాక ఒకటి, ఎండాకాలం మధ్యలో ఒకటి. గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ ల్యాబ్‌లో ఇవ్వొచ్చు, జల్ జీవన్ మిషన్ కింద ఊళ్ళల్లో ఆడవాళ్ళకి కిట్లతో నీళ్ళు పరీక్షించడం నేర్పారు, మీ ఊళ్ళో ఎవరున్నారో అడగండి. హెచ్‌టూఎస్ సీసా అని చిన్నది ఉంటది, గీత దాకా నీళ్ళు పోసి మూత పెట్టి గదిలో ఉంచితే ఒకటి రెండు రోజుల్లో నీళ్ళు నల్లబడితే మలం తాలూకు కలుషితం ఉన్నట్టు. నల్లబడిందంటే మందు వేసేసి ఊరుకోవద్దు, మూత, జాలీ, పొర్లు పైపు, సెప్టిక్ వైపు గోడ ఒక్కొక్కటే చూసి దారి ఎక్కడుందో పట్టుకోవాలి, దొరికేదాకా కాచకుండా చుక్క తాగొద్దు.

మే నెలలో సంపు కడగడం గురించి ఒక హెచ్చరిక. మూసిన సంపులో గాలి ఆడదు, దిగిన మనిషి స్పృహ తప్పడం, కాపాడబోయి రెండో మనిషి దిగడం, ఇద్దరూ పోవడం, ఇలాంటి వార్తలు మన దగ్గర ప్రతి వేసవిలో చూస్తూనే ఉన్నాం. కొన్ని గంటల ముందే మూత తీసి, ఫ్యాను పెట్టి గాలి కొట్టించి, నడుముకి తాడు కట్టి, పైన ఇద్దరుంటేనే దిగాలి, లోపల కళ్ళు తిరిగినట్టున్నా, వాసన తేడాగా ఉన్నా వెంటనే పైకి. బ్లీచింగ్ పొడి లోపల చల్లి దిగొద్దు, ఆ ఘాటుకి ఊపిరాడదు. మోటారుంటే ప్లగ్గు పీకెయ్యాలి, స్విచ్ ఆపితే చాలదు. లోపల ఎవరికైనా ఏమైనా అయితే దిగకుండా తాడుతో లాగండి, 101కి ఫోన్ చెయ్యండి. సగం మంది ఇళ్ళల్లో సంపు మూత మనిషి పట్టీ పట్టనట్టు చేస్తారు, రెండడుగులకి తక్కువ పెట్టనివ్వొద్దు.

ఇదేదో కొత్తగా కనిపెట్టింది కాదండి, రాజస్థాన్ ఎడారి ఊళ్ళల్లో ఇంటి ముందు టాంకా అనే నేల సంపు కట్టి తరాలుగా వాననీళ్ళే తాగుతున్నారు, వాళ్ళకి పడే వాన మనకంటే తక్కువ. వాన రాకముందు టాంకా చుట్టూ ఉన్న నేలంతా ఊడ్చి పెట్టుకుంటారు, చెప్పులతో తొక్కనివ్వరు.

మీరు స్లాబు ఇంకా వెయ్యలేదన్నారు కాబట్టి మూడు విషయాలు రాయండి, నేను పైపు ఎక్కడ దించాలో, సంపు ఎక్కడ పెట్టాలో చెప్తాను: సెప్టిక్ ట్యాంకు ప్లానులో ఏ మూలన ఉంది, వంటిల్లు ఏ వైపు, ఓవర్‌హెడ్ ట్యాంకు ఎక్కడ పెడదామనుకుంటున్నారు. నేల తవ్వితే ఎంత లోతులో రాయి తగులుద్దో కూడా పక్కింటి వాళ్ళని అడిగి చెప్పండి, మీ వైపు కొన్ని చోట్ల మూడడుగులకే రాయి వస్తది, అలాగైతే సంపు సగం పైకి లేపి కట్టుకోవాలి, లేదా వెయ్యి, రెండు వేల లీటర్ల నల్ల ప్లాస్టిక్ ట్యాంకులు నీడలో వరసగా కలుపుకోవాలి, దానికి పైపు లెక్క వేరే ఉంటది.